కొత్తగా కుక్క వస్తే గదిలో ఉండాల్సింది ఎవరు, కుక్కా పిల్లులా?

పిల్లులున్న ఇంట్లోకి కుక్కను అడాప్ట్ చేసుకుంటున్నామని చెప్పగానే బంధువుల్లో కొందరు "కుక్కకీ పిల్లికీ ఎక్కడైనా పడుతుందా?" అంటారు. మిగతావాళ్లు "రెండ్రోజులు వదిలేస్తే అవే సర్దుకుంటాయి" అంటారు. రెండు మాటలూ తప్పే. కుక్కా పిల్లీ ఒకే సోఫా మీద పడుకునే ఇళ్లు ఇక్కడ బెంగళూరులో నాకు చాలానే తెలుసు. ఆ ఇళ్లవాళ్లు మొదటి వారాలన్నీ తలుపులు తీయడంతోనూ వేయడంతోనూ గడిపినవాళ్లే. అయితే ఏ తలుపు వెనక ఎవరిని ఉంచాలి, మధ్యలో జాలీ ఉండాలా, బోను ఉండాలా, లీష్, అంటే కుక్కను పట్టుకునే తాడు, ఒక్కటే చాలా అంటే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్తారు. మా ఇంట్లో పిల్లులుండగా ఒక ఇండీ, అంటే మన దేశవాళీ, కుక్క వచ్చింది. అప్పుడు చూసినవీ, ఆ తర్వాత స్నేహితుల ఇళ్లలో చూసినవీ పక్కపక్కన పెట్టి చెప్తున్నాను.

ముందు "వదిలేయడం" గురించి. ఎక్కువమంది చేసేది ఇదే కాబట్టి చెప్పక తప్పదు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. భయపడితే పరుగెత్తడం పిల్లి గుణం. ఈ రెండూ మొదటిరోజే కలిస్తే కుక్కకు తరమడం ఆటగా అలవాటైపోతుంది. అలవాటయ్యాక మాన్పించడం, కానివ్వకుండా ఆపడం కన్నా ఎన్నో రెట్లు కష్టం. మధ్యరకం కుక్క ఒక్కసారి నోట కరచి విదిలిస్తే పిల్లి బతకడం కష్టం. పిల్లి గోరు కుక్క కంటికి తగిలితే నల్లగుడ్డు మీద పుండు పడొచ్చు. "మా ఇంట్లో వదిలేశాం, సర్దుకున్నాయి" అనేవాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. చాలాసార్లు అక్కడ పిల్లి అల్మరా పైకెక్కి, కిందికి దిగడమే మానేసి ఉంటుంది. దాన్ని సర్దుకోవడం అనకూడదు.

గది ఎవరికి?

బెంగళూరులో మనవాళ్లలో చాలామంది ఉండేది రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లోనో, కింద ఓనర్లు పైన అద్దెకున్నవాళ్లు ఉండే ఇంట్లోనో. కాబట్టి ఇది మొదటి రోజే తేల్చుకోవాల్సిన విషయం.

పిల్లుల్ని బెడ్‌రూమ్‌లో ఉంచి కుక్కకు హాలు ఇవ్వడం అందరికీ ముందు తట్టే దారి. పని తేలిక. లిట్టర్ బాక్సు (పిల్లి మలమూత్రాలకు వాడే పెట్టె), నీళ్లు, తిండి, ఒక కిటికీ లోపలే ఉంటే పిల్లులకు గడిచిపోతుంది. కుక్కను కిందికి తీసుకెళ్లాలంటే వీధి తలుపు ఎదురుగానే ఉంటుంది. కానీ దీనికో నష్టం ఉంది. పిల్లికి ఇల్లంటే దాని దారులు, దాని వాసనలు. ఎండ పడే మూల, వలకట్టిన బాల్కనీ, సోఫా వెనక సందు, అన్నీ ఒక్కసారి చేజారిపోతాయి. పదిరోజుల తర్వాత తలుపు తీస్తే హాలంతా కుక్క వాసనే. తన ఇంట్లోకి తానే కొత్తగా అడుగుపెట్టినట్టు నేలకు కరుచుకుని నడుస్తుంది. కుక్క ఏమో ఆ హాలు తనదే అనుకుంటుంది.

కుక్కకు గది ఇచ్చి పిల్లులకు ఇల్లు వదిలేస్తే ఇదంతా తిరగబడుతుంది. షెల్టర్ నుంచో వీధి నుంచో వచ్చిన కుక్కకు మొదట్లో చిన్న చోటే మంచిది. పెద్ద హాలు, టీవీ, లిఫ్ట్ చప్పుడు, వచ్చేపోయే మనుషులు, ఇన్ని ఒకేసారి దానికి భారం. పిల్లులు తమకు తోచినప్పుడు వచ్చి తలుపు కింద సందులో వాసన చూసుకుని పోతాయి. ఎంత దగ్గరికి రావాలో పిల్లే తేల్చుకుంటుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. కట్టడి చేయాల్సింది కుక్క కదలికను, పిల్లి కదలికను కాదు.

చిక్కు ఎక్కడంటే, ఒంటరిగా మూసిన గదిలో కుక్క మొరుగుతుంది. పక్క ఫ్లాట్ వాళ్ల నుంచి ఫిర్యాదు రావచ్చు. పెంపుడు జంతువుల్ని అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది, నిజమే. కానీ రాత్రంతా ఏడ్చే కుక్కకు మార్గదర్శకాలతో ఓదార్పు దొరకదు కదా. అందుకే కుక్క గదిలో మనిషీ ఉండాలంటాను. ఇంట్లో ఒకరు కుక్కతో, ఒకరు పిల్లులతో పడుకోండి. ఒక్కరే ఉంటున్నవాళ్లు పగలు కుక్క గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుని, కుక్క అలసి నిద్రపోయాక పిల్లుల దగ్గరికి వెళ్లొచ్చు.

నా ఓటు కుక్క గదిలో ఉండటానికే. అయితే వీధిలో పెరిగి నాలుగ్గోడల మధ్య ఎప్పుడూ లేని పెద్ద కుక్క కొన్నిసార్లు తలుపు వేయగానే నిజంగా బెదిరిపోతుంది. చొంగ కారుస్తూ, తలుపును కొరుకుతూ, గోళ్లు విరిగేదాకా గీకుతుంది. అది మొండితనం కాదు, భయం. అలాంటిదానికి హాలు ఇచ్చేసి, పిల్లుల్ని బెడ్‌రూమ్‌లో ఉంచండి. కుక్క వాకింగ్‌కు వెళ్లిన ప్రతిసారీ పిల్లులకు హాలు తెరవండి. ఎవరు గదిలో ఉన్నా ఈ మార్పిడి మాత్రం రోజూ జరగాలి. కుక్క పడుకున్న దుప్పటి పిల్లులున్న చోట, పిల్లి పడుకున్న టవల్ కుక్క గదిలో వేయండి. తలుపుకు అటు ఒకరికి, ఇటు ఒకరికి తిండి పెట్టండి. పిల్లి ముద్ద ముట్టకపోతే గిన్నె చాలా దగ్గరగా ఉందని అర్థం, నాలుగడుగులు వెనక్కి జరపండి.

జాలీ, లీష్, బోను

వాసన అలవాటయ్యాక చూపు. ఇక్కడ నేను జాలీ తలుపుకే మొదటి స్థానం ఇస్తాను. చాలా ఇళ్లలో దోమల కోసం జాలీ తలుపు ఎలాగూ ఉంటుంది. లేకపోతే వడ్రంగితో చెక్క ఫ్రేముకు స్టీలు జాలీ వేయించుకోవచ్చు. నైలాన్ జాలీ వద్దు, ఒక్క పంజా చాలు చిరగడానికి. పిల్లలకు వాడే బేబీ గేటు చౌకే కానీ, చురుకైన ఇండీ దాన్ని అవలీలగా దూకేస్తుంది. మొదట జాలీ కింది సగానికి దుప్పటి కట్టి, కొద్దికొద్దిగా పైకి తీయండి. పిల్లికి పై నుంచి చూసే చోటు కూడా ఉండాలి.

లీష్ రెండో మెట్టు. జాలీకి అటూ ఇటూ రెండూ నిమ్మళంగా ఉంటున్నాయని నమ్మకం కుదిరాకే ఒకే గదిలోకి తేవాలి. కుక్కకు మెడపట్టీ బదులు హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ, వేసి, మనిషి కింద కూర్చుని, లీష్ వదులుగా పట్టుకోవాలి. బిగించి లాగిపట్టుకుంటే ఆ బిగువు కుక్కకూ ఎక్కుతుంది. ముందు బాగా నడిపించి తేవడం మంచిది.

బోను, అంటే క్రేట్, నా లెక్కలో చివరిది. ఇంతకుముందే క్రేట్‌ను తన పడక అనుకునే కుక్కకైతే సరే. కొత్తగా వచ్చిన కుక్కను అందులో పెట్టి చుట్టూ పిల్లుల్ని తిరగనిస్తే దాని చిరాకు పెరిగిపోతుంది. పిల్లిని క్యారియర్‌లో పెట్టి కుక్కకు వాసన చూపించడం ఇంకా ఘోరం. పారిపోయే దారి లేని పిల్లికి ఆ నిమిషం చాలాకాలం గుర్తుంటుంది. అది ఎప్పుడూ చేయకండి.

ఖర్చు పెట్టాలంటే క్రేట్ మీద కన్నా గోడకు అరల మీద పెట్టండి. అల్మరా పైభాగం, లాఫ్ట్, ఫ్రిజ్ పక్కన ఒక అర, వీటి మీదుగా పిల్లి నేల తాకకుండా హాలు దాటగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. పైకి ఎక్కగలిగిన పిల్లి పరుగెత్తదు, పరుగెత్తకపోతే కుక్క తరమదు. లిట్టర్ బాక్సు కూడా కుక్కకు అందకూడదు. చాలా కుక్కలు అందులోది తింటాయి. పైగా దారికి అడ్డంగా కుక్క కూర్చుంటే పిల్లి అటు వెళ్లకుండా ఉగ్గబట్టుకుంటుంది. మగపిల్లి లిట్టర్‌లో పదేపదే కూర్చుని మూత్రం రాక ముక్కుతుంటే మర్నాటిదాకా ఆగొద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. రోజు గడిచినా ఏమీ తినని పిల్లినీ అంతే, పస్తు వల్ల కాలేయానికి కొవ్వు పట్టే ప్రమాదముంది.

ఇక కుక్కను చదవడం. తోక ఊపుతోంది కాబట్టి స్నేహమే అనుకోకండి. ఒళ్లు బిగుసుకుపోయి, నోరు మూసుకుని, రెప్పవేయకుండా పిల్లినే చూస్తూ, పేరు పిలిచినా ట్రీట్ చూపించినా తిరగకపోతే అది మొరుగుడు కన్నా ప్రమాదం. వెంటనే బయటికి తీసుకెళ్లిపోండి. చూసి, చూపు తిప్పుకుని, నేల వాసన చూసుకుంటుంటే మంచి సంగతి. అలా తిప్పుకున్న ప్రతిసారీ ఉడికించిన చికెన్ ముక్క ఒకటి ఇవ్వండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, మసాలా లేకుండా. పిల్లి బుస్సుమంటే దాన్ని కసరకండి, "దూరం జరుగు" అని చెప్పడానికి దానికున్న మర్యాదైన పద్ధతి అదే.

కూనా, పెద్ద కుక్కా?

ఇంకా తెచ్చుకోనివాళ్లకు ఈ మాట. కూనైతే పిల్లితో కలిసి పెరుగుతుందని అందరూ అంటారు. కొంత నిజమే, మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య చూసినవన్నీ కూనకు మామూలైపోతాయి. కానీ కూనకు ఆగడం తెలియదు, వయసు మళ్లిన పిల్లికి దాని ఆట నరకం. నన్నడిగితే, పిల్లులున్న ఫోస్టర్ ఇంట్లో, అంటే దత్తత దొరికేదాకా ఉంచుకునేవాళ్ల ఇంట్లో, కొన్ని వారాలు గడిపిన రెండేళ్లు దాటిన కుక్క మేలు. ఎలాంటిదో ముందే తెలుస్తుంది. బెంగళూరులో 1991 నుంచి పనిచేస్తున్న క్యూపా లాంటి జంతు సంక్షేమ సంస్థలైనా, విడిగా రెస్క్యూ చేసేవాళ్లయినా, వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇది పిల్లిని చూసినప్పుడు ఏం చేసింది?" అని. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి వేటజాతులంటే నాకూ ఇష్టమే. కానీ కదిలేదాన్ని కంటితో పట్టి తరమడానికే తరతరాలుగా పెంచిన జాతులవి. పిల్లులున్న ఇంటికి వాటిని వెతుక్కుని మరీ తేవద్దు.

మందుల సంగతి ఒకటి అందరూ గుర్తుంచుకోవాలి. వీధి నుంచి వచ్చిన కుక్కకు పేలు, గోమార్లు ఉండటం మామూలే, టిక్ ఫీవర్ భయంతో వెంటనే మెడ మీద మందు వేస్తాం. కుక్కలకిచ్చే కొన్ని మందుల్లో పర్‌మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం. మందు వేసిన కుక్కను నాకినా, ఒరుసుకున్నా ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు. ఇంట్లో పిల్లులున్నాయని డాక్టరుకు చెప్పి, అది లేని మందే రాయించుకోండి. కుక్కల పార్వో వైరస్‌లో కొన్ని రకాలు పిల్లులకూ సోకుతాయి, కాబట్టి కుక్క రాకముందే పిల్లుల టీకాలు పూర్తిచేయించండి. మొదటి రెండు వారాలు వేరుగా ఉంచడం ఈ విధంగానూ మంచిదే. దీపావళికి ముందు వారాల్లో మాత్రం కొత్త కుక్కను తేకండి, టపాసుల చప్పుడుకు రెండూ బెదిరి ఉన్నప్పుడు ఏ పరిచయమూ కుదరదు.

ఎన్నాళ్లు పడుతుందంటే, కొన్ని ఇళ్లలో మూడు వారాలు, కొన్నిట్లో ఆరు నెలలు. ఎవరూ లేనప్పుడు రెండిటినీ ఒకే గదిలో వదలడం అన్నిటికన్నా చివర్న. కొన్ని ఇళ్లలో అది ఎప్పటికీ వద్దు, అలా గడిపేవాళ్లూ హాయిగానే ఉన్నారు. నెలలు గడిచినా కుక్క చూపు పిల్లి మీంచి మళ్లకపోతే, ట్రైనర్ కూడా కష్టమని చెప్తే, పిల్లుల్లేని ఇల్లు వెతకడం తప్పేమీ కాదు. వీధిలో వదలకండి, తెచ్చినచోటికే చెప్పండి. చెప్పేటప్పుడు పిల్లి ఎంత దూరంలో ఉంటే బిగుసుకునేది, దేనికి చూపు తిప్పేది, గదిలో ఒంటరిగా ఉండగలిగిందా లేదా, అన్నీ రాసివ్వండి. దాన్ని తర్వాత ఇంటికి తీసుకెళ్లేవాళ్లు అడిగేది అవే.