పోర్ట్ ఆర్థర్‌కి టూర్ వ్యాన్‌లో వెళ్లకండి, రెండు రోజులు పెట్టుకుని సొంతంగా వెళ్లండి

మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉండే మనవాళ్లు చాలామంది సెలవులకి ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవికి వెళ్తుంటారు. అక్కడ బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఖైదీలని ఉంచిన పాత జైలు ఊరే పోర్ట్ ఆర్థర్. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. మేం అయిదుగురం టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో ఒక టూర్ ఆఫీసుని నమ్మి 895 డాలర్లు కట్టి, అసలు చూడాల్సింది చూడకుండా తిరిగొచ్చాం. మర్నాడు అవే ఎంట్రీ టికెట్లతో సొంతంగా వెళ్తే కారు అద్దె 92, పెట్రోలు 31, మొత్తం 123 డాలర్లతో అయిపోయింది. ఆ తేడా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అయిదుగురంటే నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల మా వాడు, రాజమండ్రి నుంచి వచ్చిన బాబాయ్, పిన్ని. ఐర్లండు నుంచి బ్రిటిష్‌వాళ్లు ఆస్ట్రేలియాకి తోలిన ఖైదీల మీద మా వాడికి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. బాబాయ్ జైలు శాఖలో ముప్పై నాలుగేళ్లు చేసి హెడ్ వార్డరుగా రిటైరయ్యారు. అందులో ఎక్కువకాలం రాజమండ్రి సెంట్రల్ జైల్లోనే. "ట్రాన్స్‌పోర్టేషన్ అంటే బస్సులూ రైళ్లూ కాదా తాతయ్యా?" అని వీడు అడిగితే, "మనం ద్వీపాంతరం అనేవాళ్లం రా. రంప తిరుగుబాటులో దొరికినవాళ్లని అండమాన్ పంపలేదూ, అదే" అన్నారు. ఆ మాట విన్నాకే ఈ ప్రయాణం అందరం కలిసి చేద్దామనిపించింది.

మొదటి రోజు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పిన్ని బ్యాగులో ఉన్న కరివేపాకు, పచ్చిమిరపకాయలు హోబార్ట్ ఎయిర్‌పోర్టులోనే పోయాయి. టాస్మేనియాలోకి పచ్చి కూరలు, పళ్లు తేకూడదు, ముందే తెలుసుకోవాల్సింది. రెండు గదుల అపార్ట్‌మెంటు రోజుకి 210 డాలర్లు. శుభ్రంగా, వెచ్చగా ఉంది.

రెండో రోజు వ్యాన్. పెద్దవాళ్లకి తలకి 165, పిల్లాడికి 110. దాని మీద "పడవ షికారు" అని తలకి 25 చొప్పున ఇంకో 125 తీసుకున్నారు. పొద్దున్న ఏడుమ్ముప్పావుకి వస్తామన్న వ్యాన్ ఎనిమిదిన్నరకి వచ్చింది. దారిలో రిచ్‌మండ్ దగ్గర వంతెన చూపించారు. 1823 నుంచి 25 దాకా ఖైదీల చేత కట్టించిన రాతి వంతెన, ఇప్పటికీ కార్లు తిరుగుతున్నాయి. అక్కడ ఆపింది ఇరవై నిమిషాలు. తర్వాత ఒక బహుమతుల షాపు ముందు ఆపింది యాభై నిమిషాలు. పోర్ట్ ఆర్థర్ చేరేసరికి పన్నెండుంబావు. "మూడింటికల్లా వ్యాన్ దగ్గర ఉండాలి" అన్నాడు డ్రైవరు. గైడు చెప్పే పరిచయం ఒక నలభై నిమిషాలు, పడవ కోసం క్యూ, పడవ, టూర్‌లో భాగమని ఇచ్చిన చల్లటి శాండ్‌విచ్ తినడం, అంతే. కాలిపోయి గోడలు మిగిలిన పెద్ద జైలు ముందు ఫొటో దిగాం. 1845లో పిండిమరగా కట్టి, తర్వాత జైలుగా మార్చిన భవనం అది. లోపలికి నడిచే టైము కూడా దొరకలేదు. బాబాయ్ నోరు మెదపలేదుగానీ మాటిమాటికీ వాచీ చూసుకుంటూనే ఉన్నారు.

బాటిల్ నీళ్లు కొందామని టికెట్ కౌంటర్ వైపు వెళ్లినప్పుడు అక్కడి బోర్డు చదివాను. ఎంట్రీ టికెట్‌లోనే గైడు పరిచయం, పడవ రెండూ కలిసే ఉన్నాయి! కౌంటర్‌లో ఉన్నావిడని అడిగితే ఎంతో ఓపిగ్గా చెప్పింది. పడవకి విడిగా డబ్బులేం లేవు, పోర్ట్ ఆర్థర్‌లో చనిపోయినవాళ్లని పూడ్చిన సమాధుల దీవి మీద దిగి చూడాలంటేనే అదనం. పైగా టికెట్ వరసగా రెండు రోజులు చెల్లుతుంది. అదే టికెట్ అక్కడే కొనుక్కుంటే పెద్దవాళ్లకి యాభై డాలర్లకి కాస్త అటూ ఇటూ. డ్రైవర్ని నిలదీస్తే ఆఫీసులో అడగమన్నాడు. ఆఫీసుకి మెయిల్ పెడితే అది "సీటు రిజర్వేషన్ ఛార్జి" అని జవాబు. ఈ రోజు దాకా ఒక్క డాలరు వెనక్కి రాలేదు. తిరిగి వ్యాన్ ఎక్కేటప్పుడు, లెక్కల కోసం కావాలి, టికెట్లు ఇచ్చేయమన్నాడు డ్రైవరు. మా ఆవిడ అయిదూ పర్సులో వేసుకుని జిప్పు లాగేసింది. ఆ ఒక్క పని చేసి ఉండకపోతే మూడో రోజే లేదు.

మూడో రోజు ఆరున్నరకే బయల్దేరాం. హోబార్ట్ నుంచి తొంభై అయిదు కిలోమీటర్లు, గంటన్నర. దారిలో ఈగల్‌హాక్ నెక్ దగ్గర తప్పకుండా ఆగండి. రెండు పక్కలా సముద్రం, మధ్యలో సన్నటి నేలపట్టీ. పోర్ట్ ఆర్థర్ నుంచి నేల మీదుగా పారిపోవాలంటే ఇదొక్కటే దారి. దానికి అడ్డంగా వరసగా కుక్కల్ని గొలుసులతో కట్టేవాళ్లు, ఒకదాని నోరు ఇంకోదానికి అందనంత దూరంలో. బాబాయ్ అక్కడ నిలబడి, కుక్కల వెనక సెంట్రీ ఎక్కడ ఉండి ఉంటాడో, దీపం ఎక్కడ పెట్టి ఉంటారో మా వాడికి చూపించారు. నిన్న వ్యాన్ ఇక్కడ ఆగనే లేదు.

ఇక పోర్ట్ ఆర్థర్‌లో సెపరేట్ ప్రిజన్, అంటే ఖైదీలని విడివిడిగా ఒంటరిగా ఉంచిన జైలు. ముందు రోజు మేం చూడకుండా వచ్చేసింది దీన్నే. 1848లో మొదలుపెట్టి, లండన్‌లోని పెంటన్‌విల్ జైలు నమూనాలో కట్టారు. ఎనభై సెల్స్. అప్పటిదాకా కొరడా దెబ్బలు కొట్టేవాళ్లు, ఇక్కడ ఆ పద్ధతి వదిలేసి మాట బంద్ చేశారు. రోజుకి ఇరవై మూడు గంటలు ఒంటరిగా సెల్‌లో, ఒక గంట నడక, అదీ ఎత్తు గోడల మధ్య ఒంటరిగానే. బయటికి తెచ్చినప్పుడల్లా ఒకరి మొహం ఒకరికి తెలియకుండా ముసుగు. పేరు ఉండదు, నెంబరే. చర్చిలో కూడా ఎవరి అర వాళ్లదే, పక్కవాడు కనపడకుండా చెక్క అడ్డం. కీర్తన పాడేటప్పుడు మాత్రమే గొంతు విప్పొచ్చు. మా వాడు ఒక అరలో నిలబడి నన్ను పిలిచాడు. గొంతు దగ్గర్లోనే వినిపిస్తోంది, మనిషి ఎక్కడున్నాడో తెలియలేదు.

అక్కడ శిక్షల కోసం ఒక చీకటి కొట్టు ఉంది. ఒకదాని తర్వాత ఒకటి తలుపులు, మలుపు తిరిగి లోపలికి వెళ్తే కళ్లు తెరిచినా మూసినా ఒకటే. బాబాయ్ ఒక్కరే వెళ్లారు. ఒక నిమిషం తర్వాత వచ్చి, వెనక్కి తిరిగి గోడ మందం జానలతో కొలిచారు. ఆ తర్వాత బయట మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. మంచినీళ్లు తాగి అప్పుడు చెప్పారు.

"మా దగ్గర కూడా సాలిటరీలో వేసేవాళ్లు రా. నేను నైట్ డ్యూటీలో ఆ వరస దాటుతుంటే లోపల్నుంచి 'టైమెంతయింది సార్' అని అడిగేవాళ్లు. పావుగంట తర్వాత మళ్లీ వెళ్తే మళ్లీ అదే. లోపలున్నవాడికి టైముతో పనేముంది? ఎవరిదో ఒకరిది గొంతు వినపడాలి, అంతే. నేను చెప్పేవాణ్ణి. ఇక్కడ చాపలు పరిచి, కాళ్ల చప్పుడు కూడా వినపడనివ్వలేదంటున్నారు కదా."

ఆ జైలు పక్కనే పిచ్చాసుపత్రి ఉంది. 1860ల చివర్లో కట్టారు. రెంటికీ మధ్య దూరం నాలుగడుగులే.

అక్కణ్ణుంచి కాస్త దూరంలో ఒక చిన్న ఇల్లుంది. విలియం స్మిత్ ఓబ్రియన్ ఉన్న ఇల్లు. ఐర్లండులో పెద్ద భూస్వామి, పార్లమెంటు సభ్యుడు. 1848లో బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకి నాయకత్వం వహించినందుకు మరణశిక్ష వేసి, తర్వాత ద్వీపాంతరంగా మార్చారు. ముందు ఉంచిన మారియా దీవి నుంచి తప్పించుకోబోయి పట్టుబడితే 1850లో ఇక్కడికి తెచ్చారు. కాపలా ఉందిగానీ విడి ఇల్లు, నడవడానికి తోట. "ఏ క్లాస్ ఖైదీ" అన్నారు బాబాయ్ చూడగానే. ఆయనది దేశం కోసం చేసిన త్యాగమే, కాదనను. కానీ ఐర్లండు నుంచి ఆస్ట్రేలియాకి వచ్చిన దాదాపు 40,000 మంది ఖైదీల్లో ఎక్కువమంది గొర్రె, గుడ్డ, ధాన్యం లాంటివి దొంగిలించి ఏడేళ్ల శిక్ష పడ్డ పేదలు. వాళ్లకి విడి ఇల్లు ఎవరిచ్చారు? ఏడేళ్లయ్యాక వెనక్కి వెళ్లాలంటే ఓడ ఛార్జీ సొంతంగా పెట్టుకోవాలి. ఎక్కువమంది తిరిగి వెళ్లలేకపోయారు.

పోర్ట్ ఆర్థర్‌లో రాత్రి దయ్యాల టూర్ కూడా అమ్ముతారు. మా వాడు అడిగాడుగానీ నేను కొనలేదు. అక్కడ బతికి చచ్చిపోయినవాళ్లని భయపెట్టే బొమ్మలుగా చూడటం నాకు నచ్చదు. మీరు కూడా ఆ డబ్బుతో సమాధుల దీవి మీద దిగి చూడండి, అది మంచిది.

నాలుగో రోజు సౌత్ హోబార్ట్‌లో కాస్కేడ్స్ ఫీమేల్ ఫ్యాక్టరీకి వెళ్లాం. ఊళ్లోనే ఉంది, పోర్ట్ ఆర్థర్ అంత పేరు లేదు, జనం కూడా తక్కువే. పేరుకి ఫ్యాక్టరీ, నిజానికి ఆడవాళ్ల జైలు. సారా బట్టీ ఒకటి కొని 1828లో తెరిచారు. కొండ నీడలో, వాగు ఒడ్డున పల్లపు చోటు. మేం వెళ్లింది ఎండాకాలమే అయినా గోడలు చేతికి చెమ్మగా తగిలాయి. బట్టలుతకడమే పెద్ద పని. పాత తాళ్లు విప్పి పీచు తీయడం ఇంకోటి. తప్పు చేసినవాళ్ల బట్టల మీద పసుపురంగులో పెద్ద 'సి' అక్షరం. కరువు రోజుల్లో ఐర్లండులో కొందరు ఆడవాళ్లు కావాలనే గడ్డివాములకి, ఇళ్లకి నిప్పు పెట్టి, మమ్మల్ని ఓడ ఎక్కించండని కోర్టులో నిలబడ్డారు. ఇంటి దగ్గర ఆకలితో పోవడం కంటే ఇక్కడికి రావడం నయమనుకున్నారు. వచ్చాక వాళ్లకి పుట్టిన పసిపిల్లలు ఈ చెమ్మలోనే చాలామంది పోయారు.

అక్కడ శిక్షల గురించి చెబుతూ గైడు, జుట్టు కత్తిరించడం అన్నింటికంటే వాళ్లు అసహ్యించుకున్న శిక్ష అంది. నేను పిన్నికి తెలుగులో చెప్పాను. పిన్ని కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడిపోయింది. "మా నాయనమ్మకి పదహారో ఏట తాతయ్య పోతే గుండు చేయించారు నాన్నా. మంగలి వచ్చే రోజున పొద్దున్నించి అన్నం తినేది కాదట. ఆవిడ ఏం దొంగతనం చేసిందని?" అంది. మా ఆవిడ వెళ్లి పిన్ని చెయ్యి పట్టుకుంది. గైడుకి భాష తెలియకపోయినా సంగతి అర్థమైనట్టుంది, మేం కదిలేదాకా ఆగింది. డబ్బులు తీసుకుని పని చేసినవాళ్లలో ఈ నాలుగు రోజుల్లో నాకు నచ్చింది ఆవిడొక్కతే.

సాయంత్రం ఓడరేవు దగ్గర కంచు విగ్రహాలు చూశాం. ఓడ దిగిన ఆడ ఖైదీల జ్ఞాపకంగా, ఐర్లండు శిల్పి రోవన్ గిలెస్పీ చేసినవి, 2017లో పెట్టారు. టికెట్ లేదు. పిన్ని ఒక విగ్రహం కాళ్ల దగ్గర, అపార్ట్‌మెంటు ఆవరణలో కోసిన రెండు గులాబీలు పెట్టింది.

టాస్మేనియా ఖైదీల రికార్డులు ప్రభుత్వ ఆర్కైవ్స్ వాళ్లు ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టారు. ఎయిర్‌పోర్టులో విమానం గంట ఆలస్యమైతే మా వాడు ఫోన్‌లో అవి తెరిచి కూర్చున్నాడు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఎత్తు, రంగు, జుట్టు, కనుబొమలు, ముక్కు, గడ్డం, పుట్టిన ఊరు, ఒంటి మీద గుర్తులు.

"ఇవన్నీ ఎందుకు రాశారు తాతయ్యా?"

"పారిపోతే పట్టుకోవడానికి" అన్నారు బాబాయ్. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి తీసుకున్నారు. "మా రిజిస్టర్‌లో కూడా ఇంతే. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎత్తు, పుట్టుమచ్చలు రెండు. కొత్తగా వచ్చినవాణ్ణి చొక్కా విప్పమని నేనే రాసేవాణ్ణి. ఎడమ భుజం మీద ఒకటి, కుడి మోచెయ్యి కింద ఒకటి, అలా." బోర్డింగ్ పిలిచేదాకా ఇద్దరూ పేజీలు జరుపుతూనే ఉన్నారు.