జెఫ్ బెక్ రికార్డులు కొనేవాళ్లు ఆ సెల్లర్ జోలికి పోవద్దు

బ్రిటిష్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ ఒరిజినల్ రికార్డులంటూ నాకు అంటగట్టినవి దొంగ కాపీలు. మూడుకి మూడూ. సెల్లర్ ఎవరో వినైల్ (గ్రామఫోన్ రికార్డులు) కొనేవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పాత రాక్ రికార్డు ఏది వెతికినా ముందు వరసలో వచ్చే ఆ పేరే. రేటింగ్ బ్రహ్మాండం, కింద పొగడ్తలు బోలెడు.

క్లుప్తంగా చెప్తాను. బెక్ అంటే యార్డ్‌బర్డ్స్ బ్యాండ్‌లో ఎరిక్ క్లాప్టన్ వెళ్లిపోయాక వచ్చిన గిటారిస్టు అనే నాకు తెలుసు. 2023 జనవరిలో ఆయన పోయాక సోలో ఆల్బమ్‌లు వినడం మొదలుపెట్టాను, ఇక వదల్లేకపోయాను. వేగంగా వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈయన దగ్గర ఒక్క స్వరం చాలు. 1975లో బీటిల్స్ ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్‌తో చేసిన ‘బ్లో బై బ్లో’లో గాయకుడు లేడు, ఆ లోటు మాత్రం ఎక్కడా తెలియదు. అందులో స్టీవీ వండర్ రాసిన ‘కాజ్ వీవ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ వినండి. గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్‌ని తిప్పుతూ, తీగ మీటిన చప్పుడు తెలియనివ్వకుండా స్వరాన్ని నిశ్శబ్దంలోంచి పైకి తెస్తారు. తర్వాతి రోజుల్లో తీగలు మీటే పిక్ కూడా పక్కన పెట్టేసి బొటనవేలితో, వేళ్లతోనే వాయించారు. 1989 నాటి ‘గిటార్ షాప్’లోని ‘వేర్ వర్ యూ’ అయితే సన్నని హార్మోనిక్స్ (తీగని తేలిగ్గా తాకి మీటితే వచ్చే ఈల లాంటి స్వరాలు) మోగించి, వామీ బార్ అనే కడ్డీతో వాటిని వంచుతూ రాగం మొత్తం పలికించిన పాట. గమకం విలువ తెలిసిన చెవికి అది వేరే చెప్పాలా? ఇవన్నీ మంచి వినైల్ మీద, మంచి స్పీకర్లలో వినాలనే ఆశతోనే ‘బ్లో బై బ్లో’, ‘వైర్డ్’, ‘గిటార్ షాప్’ మూడూ ఆర్డర్ పెట్టాను. లిస్టింగ్‌లో ‘ఒరిజినల్ ఫస్ట్ ప్రెస్సింగ్, సీల్డ్’ అని ఉంది. అంటే ఆల్బమ్ వచ్చిన కొత్తలో మొదట అచ్చయినవి, సీల్ విప్పనివి అన్నమాట.

పార్సెల్ విప్పగానే అనుమానం వచ్చింది. ‘బ్లో బై బ్లో’ అట్ట మీద బెక్ లెస్ పాల్ గిటార్ పట్టుకున్న పెయింటింగ్ ఉంటుంది కదా, అందులో గీతలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. స్కాన్ చేసి అచ్చేశారు. వెనక్కి తిప్పితే బార్‌కోడ్! రికార్డుల అట్టల మీదికి బార్‌కోడ్‌లు వచ్చిందే 1970ల చివర్లో. 1975 నాటి ఫస్ట్ ప్రెస్సింగ్‌కి అదెలా వస్తుంది?

పోనీ రీఇష్యూ (తర్వాత మళ్లీ వేసినది) అయినా సరే, మంచిదైతే చాలు అనుకుని ప్లే చేశాను. మొదటి సైడ్‌లో ‘ఎయిర్ బ్లోయర్’ ఆగకుండా ‘స్కాటర్‌బ్రెయిన్’లోకి పారాలి. ఇందులో మధ్యన ఠక్కుమని ఖాళీ. అంటే ఎక్కడో విడివిడి ఫైళ్లు దింపుకుని, వరసగా పేర్చి డిస్క్ కోశారన్నమాట. ‘కాజ్ వీవ్ ఎండెడ్’లో నిశ్శబ్దంలోంచి లేవాల్సిన స్వరం మొదటినుంచే గట్టిగా వినబడుతోంది. చిన్న శబ్దం, పెద్ద శబ్దం తేడా లేకుండా అంతా ఒకే మట్టానికి తొక్కేశారు. ‘వేర్ వర్ యూ’ హార్మోనిక్స్ నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు వణుకుతున్నాయి. నాసిరకం ఎంపీత్రీలో పై స్వరాలు కోసేస్తే వచ్చే చప్పుడు అది. ఏ స్పర్శ కోసం ఈ మనిషిని వింటామో, సరిగ్గా దాన్నే చంపేశారు.

అన్నిటికీ ఫొటోలు తీసి, ఖాళీ వచ్చిన చోటు రికార్డ్ చేసి మర్యాదగానే పంపాను. ‘సీల్ తీశారు కాబట్టి రిటర్న్ లేదు’ అన్నాడు. సీల్ తీయకుండా రికార్డు ఎలా వింటారండీ అని అడిగాను. దానికి వచ్చిన జవాబు ఇదీ: ‘పాట వినబడుతోంది కదా సార్, ఇంకేం కావాలి?’

ఒళ్లు మండిపోయింది. డబ్బు పోయినందుకు కాదు, ఈ మాటకి. ఒక మనిషి జీవితమంతా వేలి కొసల మీద సాధించిన పనిని పట్టుకుని ‘వినబడుతోంది కదా’ అంటాడా? రికార్డులు అమ్మి బతికేవాడు అనాల్సిన మాటేనా అది? అట్ట మీద బార్‌కోడ్ ఎలా వచ్చిందని మళ్లీ అడిగాను. ‘మీలాంటి కస్టమర్లు మాకొద్దు’ అని ఒక ముక్క రాసి బ్లాక్ చేశాడు. తప్పు జరిగిందనో, డబ్బు తిరిగిస్తాననో ఒక్క మాట అని ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ణే కాదు. ఇప్పుడు వేరే అకౌంట్ నుంచి చూస్తే అవే ఫొటోలు, అదే ‘ఒరిజినల్’ లిస్టింగ్ మళ్లీ పైకి వచ్చి కూర్చుంది. ప్లాట్‌ఫామ్‌కి ఫిర్యాదు పెట్టాను. ‘పరిశీలిస్తున్నాం’ అన్న ఆటోమేటిక్ మెసేజ్ తప్ప ఇంకేమీ రాలేదు.

ఆయన పోయాక కొత్తగా వినడం మొదలుపెట్టినవాళ్లే ఎక్కువగా ఇలాంటి చోట్ల కొంటున్నారు. మొదటిసారి వినేది ఈ చెత్త కాపీ అయితే, ‘ఇంతేనా జెఫ్ బెక్’ అనుకుని వదిలేస్తారు. నా బాధంతా అదే.

కొనేముందు వెనక అట్ట ఫొటో అడగండి. లేబుల్ పక్కన, పాట అయిపోయాక మిగిలే ఖాళీ అంచు మీద చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్ ఫొటో కూడా అడిగి, రికార్డుల వివరాలన్నీ ఉండే డిస్కోగ్స్ వెబ్‌సైట్‌లో ఆ ప్రెస్సింగ్‌తో పోల్చి చూడండి. సీల్డ్ కాబట్టి చూపించలేనంటే అక్కడితో వదిలేయండి. ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే, పార్సెల్ విప్పడం మొత్తం వీడియో తీయండి. వెనక బార్‌కోడ్ కనబడితే సీల్ ముట్టుకోకుండా వెంటనే రిటర్న్ పెట్టేయండి. ‘గిటార్ షాప్’కి మాత్రం బార్‌కోడ్ గుర్తు పనికిరాదు, 1989 నాటికి అందరూ వేసేవారు. దానికి మ్యాట్రిక్స్ నంబరే చూడాలి.