డెస్క్‌టాప్‌కి రెండో ర్యామ్ కొంటున్నరా? నా లెక్క మోసపోకండి

అన్నలూ అక్కలూ, పాత డెస్క్‌టాప్‌ల ఇంకో ర్యామ్ వేద్దామని షాపుకు పోతున్నోళ్లు ఇది చదివి పొండి. నేనైతే పైసలతో పాటు ఒక పెండ్లి ఆల్బమ్, నాలుగు రాత్రుల నిద్ర పోగొట్టుకున్న.

మాది జనగామ, కరిజ్మా ఆల్బమ్‌లు (పెండ్లి ఫొటోల పెద్ద ఆల్బమ్‌లు) డిజైన్ చేస్త. నా సిస్టం రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, అందుల 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒక్కటే, 3200 స్పీడు. ఫొటోషాప్‌ల 12x36 షీట్లు నాలుగు తెరిస్తే మౌస్ కూడా కదలదు. అదే కంపెనీది అదే స్పీడుది ఇంకోటి వేస్తే 16 అయితది, డ్యూయల్ ఛానల్ (రెండు ర్యాములు ఒకేసారి పనిచేసుడు) కూడా వస్తది కదా అని పొద్దున ట్రైన్ పట్టుకొని సికింద్రాబాద్‌ల కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయిన. అక్కడ మంచి షాపులు మస్తున్నయి, నా ఖర్మ కొద్దీ ఆన్‌లైన్ రేటు కన్నా 500 తక్కువ అన్న షాపు దగ్గర ఆగిన.

బాక్స్ లేదా అన్నా అంటే "ట్రే పీసు, బాక్సుకు ఎక్స్‌ట్రా పడ్తది, సేమ్ టు సేమ్, టెన్షన్ తీసుకోకు" అన్నడు. బిల్లు అంటే చిన్న చిట్టీ మీద పెన్నుతో "8 జీబీ ర్యామ్ 1, నో రిటర్న్" అని రాసిచ్చిండు. జీఎస్టీ నంబరు లేదు, సీరియల్ నంబరు లేదు. నేను కూడా ట్రైన్ టైం అయితుందని జేబుల పెట్టుకొని వచ్చేసిన, తప్పు అక్కడే అయింది.

ఇంటికొచ్చి వేస్తే 16 జీబీ చూపించింది, ఖుష్ అయిన. బయాస్‌ల (బోర్డు సెట్టింగుల) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుకు తెచ్చే సెట్టింగు, ఆన్ చేసిన, అంతే, ఫ్యాన్లు తిరుగుతున్నయి కానీ స్క్రీన్ నల్లగా. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి కాసేపాగి మళ్లీ పెడితే గానీ లేవలే, లేచినంక రెండూ 2400 మీద నడుస్తున్నయి. తక్కువ దాని స్పీడుకే రెండూ దిగుతయి అని తెలుసు, పైగా రైజెన్‌కి ర్యామ్ స్పీడు తగ్గితే ప్రాసెసర్ లోపలి లింకు కూడా నెమ్మదిస్తది, అయినా పెండ్లిళ్ల సీజన్ కదా అని అట్లనే పని చేసుకున్న. మూడో రోజు రాత్రి సేవ్ కొడుతుంటే బ్లూ స్క్రీన్, మెమరీ మేనేజ్‌మెంట్ అని. మళ్లీ ఆన్ చేసి ఫైలు తెరిస్తే పెండ్లికూతురు పట్టుచీర మీద అడ్డంగా పచ్చ గీతలు. బ్యాకప్ కూడా ఆ ఖరాబైన ఫైలు మీదనే పడింది.

ర్యామ్ టెస్ట్ చేసే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌ల వేసి ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి చూసిన. నాది క్లీన్, కొత్తది మొదటి పాస్‌లనే ఎర్ర లైన్లు, అంటే ఎర్రర్లు. తర్వాత సిస్టం వివరాలు చూపించే సీపీయూ-జెడ్ తెరిస్తే, నవ్వకండి, ముందు నా పాత ర్యామ్ కూడా నకిలీదే అనుకున్న, 3200 అని కొన్నదానికి ఎక్స్ఎంపీ కాలమ్‌ల 1600 ఉంది, డీడీఆర్ అంటే అది డబుల్ చేసుకోవాలంట. ఎస్పీడీ (ర్యామ్ లోపల రాసి ఉన్న వివరాలు) ట్యాబ్‌ల కొత్తదానికి 1200, అంటే 2400, పార్ట్ నంబర్ ఖాళీ, ఎక్స్ఎంపీ కాలమే లేదు, తయారైన సంవత్సరం 2018. స్టిక్కర్ మీద మాత్రం 3200. ఆ స్టిక్కర్ మూల గోరుతో లేపితే కింద ఇంకో స్టిక్కర్ చిరిగిన కాగితం అంటుకొని ఉంది, గోల్డ్ పిన్నుల మీద గీతలే గీతలు. ఎవరో వాడి పడేసిన 2400 దానికి హీట్ సింక్ (వేడి లాగే రేకు) అతికించిండ్రు.

షాపుకు పోతే "నీ బోర్డు ప్రాబ్లం, నో రిటర్న్ రాసిచ్చినం కదా". వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేద్దామంటే చేతుల బిల్లే లేకపాయె, ఆ చిట్టీ మీద షాపు పేరు కూడా లేదు.

ఇంకో ముచ్చట, అసలుది దొరికినా పక్కాగా మ్యాచ్ అయితదని లేదు. ఒకే మోడల్ పేరు మీద లోపల చిప్పులు మారుస్తరు, ఒక 8 జీబీకి 8 చిప్పులుంటే ఇంకో దానికి నాలుగే ఉంటయి, లేబుల్ మీద 1ఆర్x8 (8 చిప్పులు), 1ఆర్x16 (4 చిప్పులు) అని ఉంటది చూడండి, నాలుగు చిప్పులది కొంచెం స్లో. అందుకే వీలైతే పాతది అమ్మేసి రెండు కలిపి టెస్ట్ చేసిన కిట్ తీసుకోండి. సీల్ బాక్స్, సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు లేకుంటే లేచి వచ్చేయండి. ఇప్పుడు ర్యామ్ రేట్లు మండిపోతున్నయి కాబట్టి ఇసుంటి "ట్రే పీసులు" ఇంకా తిరుగుతయి. నాలుగు స్లాట్ల బోర్డయితే చాలావరకు ప్రాసెసర్ దిక్కు నుంచి రెండోది, నాలుగోది వాడాలె, మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

ఆల్బమ్ మళ్లీ మొదటి నుంచి చేసి ఇచ్చిన, వాళ్లకు లేటు ఎందుకైందో చెప్పలే. ఆ ర్యామ్ నా టేబుల్ మీదనే ఉంది, కింది స్టిక్కర్ ఎట్లుందో చూడాలనుకునేటోళ్లు అడగండి, ఫొటో పెడ్త.