దొంగ పట్టుకెళ్లిన పేమెంట్, చేతికి రాని బకాయి: పోలీసులా, కౌన్సిలా, ఎన్‌సీఎల్‌టీనా... ఏది మేలు?

"మేం కట్టేశాం కదండీ, యూటీఆర్ (బ్యాంకు లావాదేవీ నంబరు) పంపిస్తా చూసుకోండి" అని అవతలి కంపెనీ అకౌంట్స్ అబ్బాయి ఫోన్‌లో అన్నప్పుడు నేను మా బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాను. 27 లక్షల 60 వేల ఎంట్రీ అందులో ఎక్కడా లేదు. పది నిమిషాల్లో యూటీఆర్ వచ్చింది. నంబరు అసలైనదే, డబ్బూ నిజంగానే కదిలింది, కాకపోతే చేరింది మా ఖాతాకు కాదు. పేరు దగ్గర మా కంపెనీ పేరే ఉంది, ఖాతా నంబరు మాత్రం ఇంకెవరిదో.

మాది బాలానగర్‌లో చిన్న మెషినింగ్ షాపు. సరుకు కొన్నది ఒక పెద్ద గ్రూపుకు చెందిన సబ్సిడరీ కంపెనీ. నాలుగు రోజుల ముందు వాళ్లకు మా పేరుతో ఒక మెయిల్ వెళ్లిందట, "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇక్కడ వేయండి" అని. అడ్రసులో ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టారు. ఫోన్ స్క్రీన్ మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తర్వాత మా మెయిల్‌బాక్స్ తిరగేస్తే అందులో మేం పెట్టని రూల్ ఒకటి దొరికింది. 'పేమెంట్' అనే మాట ఉన్న ప్రతి మెయిలూ ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ అనే, మేం ఎన్నడూ తెరవని ఫోల్డర్‌లోకి పోతోంది. అంటే దొంగ వారాల తరబడి మా ఇంట్లోనే కూర్చుని మా ఉత్తరాలు చదివాడు. మా ఇన్‌వాయిస్ ఎప్పుడు పాసవుతుందో మాకంటే వాడికే ముందు తెలుసు.

ఇక్కడే రెండు గొడవలు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. ఒకటి సైబర్ దొంగతనం, రెండోది బకాయి. వాళ్ల లెక్కలో మా బిల్లు చెల్లిపోయింది, మా లెక్కలో పైసా రాలేదు, జీఎస్టీ మాత్రం మేం ఎప్పుడో కట్టేశాం. ఏ తలుపు తట్టాలి? నెల రోజులు తలా ఒక మాట చెప్పారు. ఇప్పటిదాకా తిరిగి తెలుసుకున్నదాన్ని బట్టి నా అభిప్రాయం రాస్తున్నాను, ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లకు కొన్ని వారాలైనా మిగులుతాయని.

ముందు దొంగతనం సంగతి. ఇందులో మూడు దారులు: సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి పోలీసుల దగ్గరకు పోవడం, బ్యాంకు మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లడం, ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం కింద నష్టపరిహారం తేల్చే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు క్లెయిమ్ వేయడం. చాలామంది వీటిని ఒకదానికొకటి ప్రత్యామ్నాయం అనుకుంటారు, కానీ ఒక్కోటి ఒక్కో పనికి పుట్టింది.

1930 పని ఒక్కటే, డబ్బు ఇంకా ఏ ఖాతాలో ఆగి ఉంటే అక్కడ హోల్డ్ పెట్టించడం. దొంగ సొమ్ము ఒక ఖాతాలో నిలవదు, గంటల్లో రెండో అంచె, మూడో అంచె మ్యూల్ ఖాతాలకు (దొంగసొమ్ము దాటించడానికి వాడే వేరేవాళ్ల ఖాతాలకు) చీలిపోతుంది, ఏటీఎంలో నోట్లయిపోతుంది. కాబట్టి ఇక్కడ రోజుల లెక్క కాదు, గంటల లెక్క. మాకు తగిలిన పెద్ద దెబ్బ ఇక్కడే. డబ్బు పోయింది అవతలి కంపెనీ ఖాతా నుంచి, అంటే డెబిట్ అయిన ఖాతా వివరాలతో ఫిర్యాదు చేయాల్సింది వాళ్లు. వాళ్లేమో "మాకేం నష్టం జరిగింది, మేం కట్టేశాం కదా" అని మొదట కదల్లేదు, తర్వాత హెడ్డాఫీసు అప్రూవల్ అని ఇంకో రెండు రోజులు. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది. చివరికి హోల్డ్ అయింది 3 లక్షల 10 వేలు. మీకు ఇలా జరిగితే అవతలివాళ్లను బతిమాలో బామాలో ఆ గంటలోనే 1930కి చేయించండి, మీవైపు నుంచి సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మీ మెయిల్ హ్యాక్ అయిందని విడిగా ఫిర్యాదు పెట్టండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు కూడా చెప్పాలి, 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం విషయం తెలిసిన 6 గంటల్లోపు. మా సైజు కంపెనీల్లో ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు.

ఎఫ్ఐఆర్ అయ్యాక పోలీసుల నుంచి మిగతా సొమ్ము వస్తుందని కూర్చుంటే మాత్రం ఏళ్లు గడుస్తాయి. ఎఫ్ఐఆర్ విలువ వేరే ఉంది, అది రేపు మీరు వేసే ప్రతి కేసులోనూ పనికొచ్చే కాగితం.

అంబుడ్స్‌మన్ సంగతి. 2017 జూలై 6 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ మంచిదే. మీ ప్రమేయం లేకుండా, బయటివాళ్ల వల్ల మీ ఖాతాలోంచి డబ్బు పోయి, మీరు 3 పని దినాల్లోపు చెబితే మీ బాధ్యత సున్నా. 4 నుంచి 7 పని దినాల మధ్య చెబితే ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థ) కరెంట్ ఖాతాకు గరిష్ఠంగా 10 వేలు. తప్పు ఖాతాదారుదే అని నిరూపించే భారం బ్యాంకుది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే అంబుడ్స్‌మన్‌కు పైసా ఫీజు లేకుండా వెళ్లొచ్చు. మీ ఖాతాలోంచే డబ్బు మాయమైతే అన్నిటికంటే ఇదే మేలు, నేను ఇంకో మాట చెప్పను. కానీ మా కేసులో ఇది దాదాపు పనికిరాదు. ఎందుకంటే అక్కడ బటన్ నొక్కింది అవతలి కంపెనీ అకౌంట్స్‌వాళ్లే, మోసపోయి నొక్కినా సరే వాళ్లే నొక్కారు, కాబట్టి బ్యాంకు దాన్ని అనధికార లావాదేవీ అని ఒప్పుకోదు. మరి పేరొకటి, నంబరొకటి ఉంటే బ్యాంకు చూసుకోదా అని నేనూ అడిగాను. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో జమ అయ్యేది ఖాతా నంబరును బట్టే, పేరును బట్టి కాదు. పంపేముందు అవతలి ఖాతా పేరు చూసుకునే సౌకర్యం 2025 ఏప్రిల్ 1 లోగా ఇవ్వాలని ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. ఆ పేరు ఒక్కసారి చూసి ఉంటే ఈ కథే లేదు.

మూడోది ఎక్కువమందికి తెలియని దారి. ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద ప్రతి రాష్ట్రంలో ఐటీ శాఖ కార్యదర్శే అడ్జుడికేటింగ్ ఆఫీసర్, 5 కోట్ల దాకా నష్టపరిహారం క్లెయిములు వినే అధికారం ఆయనకుంది. అప్పీలు టెలికాం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు. తమిళనాడులో 2010లోనే ఫిషింగ్‌లో డబ్బు పోయిన ఒక ఖాతాదారుకు బ్యాంకే 12 లక్షల పైచిలుకు కట్టాలని అక్కడి అధికారి ఆదేశించారు. మ్యూల్ ఖాతా తెరిచినప్పుడు కేవైసీ సరిగా చూడని బ్యాంకును ఇక్కడ నిలదీయొచ్చు, అదే దీని బలం. దొంగ దొరకడు, బ్యాంకు ఎక్కడికీ పారిపోదు. కాబట్టి మాలాంటి కేసులో వరస ఇది: గంటల్లో 1930, తర్వాత ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని అడ్జుడికేటింగ్ ఆఫీసర్.

ఇక బకాయి. నా దృష్టిలో అసలు డబ్బు వచ్చేది ఇటునుంచే.

మొదట ఒక భ్రమ వదులుకోవాలి. సబ్సిడరీ కట్టకపోతే తల్లి కంపెనీని పట్టుకుందాం అని అందరికీ అనిపిస్తుంది. లెటర్‌హెడ్ మీద గ్రూపు లోగో చూసే కదా అప్పు మీద సరుకిచ్చాం. కానీ చట్టం కళ్లకు అవి రెండు వేర్వేరు మనుషుల్లాంటివి. నూరు శాతం వాటా ఉన్నా, డైరెక్టర్లు వాళ్లే అయినా, తల్లి కంపెనీ రాతపూర్వకంగా గ్యారంటీ ఇస్తే తప్ప పిల్ల కంపెనీ అప్పు దానికి అంటదు. ముసుగు తొలగించి చూడమని కోర్టును అడగొచ్చు, కానీ మోసం కోసమే ఆ కంపెనీని పెట్టారని నిరూపించాలి, 27 లక్షల కోసం అంత యుద్ధం చిన్న కంపెనీ మోయలేదు. గ్రూపు హెడ్డాఫీసుకు లీగల్ నోటీసు పంపి మూడు నెలలు ఎదురుచూసేవాళ్లున్నారు, ఆ మూడు నెలలూ వృథా. దానికి బదులు కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి ఆ సబ్సిడరీ బ్యాలెన్స్ షీటు, ఆస్తుల మీద బ్యాంకుల ఛార్జీలు చూడండి. అక్కడ ఏమీ మిగల్లేదని కనిపిస్తే తొందరపడాలి, కంపెనీని స్ట్రైక్ ఆఫ్ చేసే, అంటే రిజిస్టరులోంచి కొట్టేసే నోటీసు వస్తే కంపెనీల రిజిస్ట్రారు (ఆర్‌ఓసీ)కి అభ్యంతరం పంపాలి.

దివాలా కేసులు వినే కంపెనీల ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ పేరు చెప్పగానే పెద్ద కంపెనీలు భయపడతాయి, నిజమే. ఆపరేషనల్ క్రెడిటర్, అంటే మాలా సరుకిచ్చి డబ్బు రావాల్సినవాళ్లు వేసే పిటిషన్ ఫీజు 2 వేలే. కానీ 2020 మార్చి నుంచి బకాయి కనీసం కోటి రూపాయలు ఉండాలి, మాకు ఆ గడపే లేదు. కోటి దాటినవాళ్లకు కూడా మాలాంటి కేసులో ఈ దారి వద్దంటాను. డిమాండ్ నోటీసు అందిన 10 రోజుల్లో అవతలివాళ్లు "దీనిమీద ముందునుంచే వివాదం ఉంది" అని చూపిస్తే చాలు, పిటిషన్ అక్కడే ఆగుతుంది. 2017లో మొబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, వివాదం గెలుస్తుందా ఓడుతుందా అన్నది చూడరు, అది కల్పితం కాకుండా నిజంగా ఉందా అన్నదే చూస్తారు. "మీ మెయిల్ హ్యాక్ అయింది, మీరు చెప్పిన ఖాతాకే కట్టాం" అనే వాదన కంటే నిజమైన వివాదం ఇంకేముంటుంది? సైబర్ దొంగతనం కలవని, లెడ్జర్ ఒప్పుకుని కూడా కట్టని కోటి పైన బకాయికైతే ఆ నోటీసు మంచి ఆయుధమే, అడ్మిషన్‌కు ముందే చాలామంది సెటిల్ చేస్తారు. అడ్మిట్ అయ్యాక మాత్రం బ్యాంకులు ముందు, మనం వెనక, అప్పుడు కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

మాకు మేలైనది చిన్న సంస్థల బకాయి కేసులు వినే ఎంఎస్‌ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో, ఆన్‌లైన్‌లో వేసే కేసు. వివాదం ఉందంటే ఎన్‌సీఎల్‌టీ తలుపు మూసుకుంటుంది, కౌన్సిల్‌కు ఆ వివాదం వినడమే పని. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్, చివర అవార్డు అంటే తీర్పు. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి దాకా ఆ రేటు 6.75, మూడు రెట్లంటే 20.25 శాతం. అవార్డును సవాలు చేయాలంటే అవతలివాళ్లు ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఈ డిపాజిట్ తప్పించుకోవడానికి నేరుగా హైకోర్టుకు రిట్ వేసే అలవాటు ఉండేది, మన మేడ్చల్-మల్కాజిగిరి కౌన్సిల్ అవార్డు మీద వచ్చిన కేసులోనే 2023 నవంబర్‌లో సుప్రీంకోర్టు అది కుదరదంది. రిట్ అసలు ఎప్పుడూ వేయకూడదా అన్న ప్రశ్న 2025 జనవరిలో పెద్ద బెంచికి వెళ్లింది, అది తేలేదాకా అవతలి లాయర్లు ఆ దారి ప్రయత్నిస్తూనే ఉంటారు.

దీనికీ లోపాలున్నాయి. 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆ లెక్కన ఏ వాయిదా నడవదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఎంఎస్‌ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదు) సరుకు ఇచ్చే ముందే ఉండాలి, గొడవ వచ్చాక తీసుకుంటే చిక్కే. సూక్ష్మ, చిన్న సంస్థలకే తప్ప మధ్య తరహావాళ్లకు వర్తించదు. కొని అమ్మే ట్రేడర్లకు కూడా దీని మీద ఆశ పెట్టుకోవద్దని చెబుతాను, వాళ్లకు కమర్షియల్ కోర్టే దారి. అక్కడ దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, కోర్టు ఫీజు అదనం. అయితే అత్యవసరంగా అవతలి ఆస్తి కదలకుండా ఆర్డరు కావాలంటే ఆ మధ్యవర్తిత్వం లేకుండానే వెళ్లొచ్చు, సబ్సిడరీ మూతపడబోతోందని అనుమానం ఉంటే నేనైనా అదే చేస్తాను. ఎటు వెళ్లినా బిల్లు గడువు తేదీ నుంచి 3 ఏళ్లలోపే కేసు వేయాలన్నది మర్చిపోకండి.

కేసు వేయకుండా ఒత్తిడి పెట్టే మార్గం ఇంకోటి ఉంది, అది మాకు మా సీఏ గారు చెప్పారు. 180 రోజుల్లో మాకు డబ్బు అందకపోతే మా బిల్లు మీద తీసుకున్న ఐటీసీని (జీఎస్టీ క్రెడిట్‌ను) వాళ్లు వడ్డీతో వెనక్కివ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపన్నులో కూడా, చిన్న సంస్థకు గడువు దాటి ఏడాది చివరికి బాకీ ఉన్న సొమ్మును ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోనివ్వడం లేదు. ఈ రెండూ రాసి మర్యాదగా ఒక మెయిల్ పెడితే, అప్పటిదాకా ఫోనెత్తని ఫైనాన్స్ మేనేజర్ గారు స్వయంగా ఫోన్ చేశారు.

హ్యాక్ అయింది ఎవరి మెయిల్ అన్నది కౌన్సిల్ ముందు పెద్ద ప్రశ్న. మాది హ్యాక్ అయింది, దాచలేదు. కానీ బ్యాంకు మార్పు మెయిల్ వచ్చింది మా డొమైన్ నుంచి కాదు, ఆర్, ఎన్ ఉన్న నకిలీ డొమైన్ నుంచి. ఆ మెయిల్ పూర్తి హెడర్లు, కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌తో సహా దాఖలు చేశాం. అప్పు తీరినట్టు కావాలంటే డబ్బు మాకు గానీ మేం అధికారమిచ్చినవాళ్లకు గానీ చేరాలి, ఎవడో రాసిన ఉత్తరం మా అధికారం కాదు అన్నది మా లాయర్ గారి వాదన.

ఈలోగా హోల్డ్‌లో ఉన్న ఆ 3 లక్షల 10 వేలు మేజిస్ట్రేటు ఆర్డరు మీద విడుదలయ్యాయి. డబ్బు పోయింది వాళ్ల ఖాతా నుంచి కాబట్టి వాళ్లకే తిరిగొచ్చాయి. మరుసటి వారం అదే మొత్తం మా ఖాతాలో పడింది, ఈసారి మా అసలు నంబరుకు, రిమార్క్స్‌లో మా ఇన్‌వాయిస్ నంబరు వేసి మరీ. మా అకౌంటెంట్ అమ్మాయి సంతోషంగా లెడ్జర్‌లో ఎక్కించబోతుంటే లాయర్ గారు ఆగమని, ముందు డబ్బు వేశామని వాళ్లు పంపిన అడ్వైజ్ మెయిల్‌కు మూడు ప్రింట్లు తీయించారు. "బిల్లు చెల్లిపోయిందంటున్నవాళ్లు అదే బిల్లు మీద మళ్లీ ఎందుకు కట్టారండీ?" వచ్చే వాయిదాకి ఆయన అడగబోయేది ఆ ఒక్క ప్రశ్నే.