మద్రాసు కచేరీలు, తొమ్మిదిన్నర గేటు

మా అత్తయ్యకు డెబ్బై ఒకటి. పెళ్ళికి ముందు విజయవాడలో నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నారు. డిసెంబరులో మద్రాసు వెళ్ళి వరసగా మూడు రోజులు కచేరీలు వినాలని ఉందని నేను కాపురానికి వచ్చిన కొత్తలో చెప్పారు. ఇప్పుడు మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో ఏడు. ఇన్నాళ్ళకు మొన్న డిసెంబరులో కుదిరింది. వెళ్ళాం, మూడు రోజులూ విన్నాం. కానీ మొదటి రెండు రాత్రులూ ఆవిడ కచేరీ చివర పాడే మంగళం వినకుండా లేచి రావలసి వచ్చింది. దానికి కారణం ఒక లాడ్జి. ఆ మంట ఇంకా తగ్గలేదు కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

శుక్రవారం తెల్లవారగట్ల విజయవాడలో పినాకిని ఎక్కాం, మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం. ప్రయాణం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

గది ఫోన్లోనే బుక్ చేశాం. మైలాపూరులో లజ్ కార్నర్ దగ్గర, సర్వీస్ అపార్ట్‌మెంట్ అని రాసి ఉంది. రోజుకు 2,650. 'సభలకు నడిచి ఎనిమిది నిమిషాలు' అన్నారు. సభలంటే అక్కడ కచేరీలు పెట్టే సంస్థలు, వాటి హాళ్ళు. ఎనిమిది నిమిషాలే, కాకి ఎగిరి వెళితే. మెట్రో పనుల కోసం రోడ్డుకు అడ్డంగా రేకులు కట్టారు, వాటిని చుట్టి వెళ్ళేసరికి అత్తయ్య నడకకు ఇరవై అయిదు నిమిషాలు. మొదటిరోజు తప్ప మళ్ళీ నడవలేదు. ఆటో వెళ్ళేటప్పుడు 120, వచ్చేటప్పుడు 150.

అక్కడి మేనేజరు తెలుగువాడు. మా మాట వినగానే "మీరు బెజవాడా? మాది గూడూరండీ" అన్నాడు. మావారు ఆ ఒక్క మాటకే పడిపోయారు. బయట బోర్డు మీద తెలుగు అక్షరం కనిపించినా మురిసిపోయే మనిషి. "మనవాడే, ఇంక టెన్షన్ లేదు" అన్నారు. మనవాడు ముందు మూడు రోజుల డబ్బూ కట్టించుకున్నాడు, పైన రెండు వేలు డిపాజిట్ అన్నాడు. మూడో మనిషికి ఎక్స్‌ట్రా బెడ్ రోజుకు 600 అన్నాడు. ఆ బెడ్ అంటే వేలెడు మందం స్పాంజి పరుపు, ఒక మూల ఎవరిదో ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ త్రికోణంగా ఉంది. దాని మీద నేను పడుకున్నాను. వేడినీళ్ళు పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకానే. ఇవన్నీ సర్దుకున్నాం. తాళం చేతికిస్తూ చివర్లో చెప్పాడు: "రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తామండీ. ఫ్యామిలీ ప్లేస్ కదా. తర్వాత వస్తే లేట్ ఎంట్రీ ఐదొందలు."

డిసెంబరులో మైలాపూరులో గది తీసుకునేవాళ్ళలో సగం మంది కచేరీల కోసమే వస్తారు. సాయంత్రం కచేరీ మంగళం పాడేసరికి ఎలాగూ తొమ్మిదింబావో, తొమ్మిదిన్నరో అవుతుంది. ఆ సంగతి అతనికి తెలియకా! తెలిసే పెట్టిన రూలు అది.

ఆ సాయంత్రం ఒక సభలో టికెట్టు ఒక్కొక్కరికి 400. హాలు పెద్దది కాదు, స్టేజీ దగ్గర. పాడినావిడ పేరున్న విద్వాంసురాలు. వర్ణం, రెండు కృతులు, తోడి రాగంలో మెయిన్, అంటే ఆ పూట పెద్ద పాట. తోడి ఆలాపన అందుకోగానే అత్తయ్య కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆవిడ బాగా వినాలనుకున్నప్పుడు అలా తీసేస్తారు, ఇంట్లో రేడియో దగ్గరా అంతే. కచేరీ మధ్యలో గొంతు తగ్గించి ఒకటే ఫిర్యాదు చేశారు, 'భక్తి' అన్న ప్రతిచోటా 'పక్తి' అంటోందని. "అంత గొంతు ఇచ్చిన దేవుడు ఒత్తు ఇవ్వలేదే" అన్నారు. పాట ఆపి మృదంగం వాళ్ళు మాత్రమే వాయించే తని ఆవర్తనం మొదలవగానే చుట్టూ సగం మంది లేచి కాంటీన్ వైపు నడిచారు, మావారు అందరికంటే ముందు.

రాగం తానం పల్లవి అయ్యాక తుక్కడాలు, అంటే చివర్లో పాడే చిన్న పాటలు, మొదలయ్యాయి. సమయం తొమ్మిదీ ఐదు. మావారు వాచీ చూపించారు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఏమీ అనకుండా కళ్ళజోడు పెట్టుకుని లేచారు. హాలు తలుపు మూసుకునేటప్పుడు లోపల ఇంకో పాట ఎత్తుకున్నారు. ఆటోలో ఒక్క మాట అన్నారు: "మా మేష్టారు మంగళం అవకుండా లేస్తే మర్నాడు పాఠం చెప్పేవారు కాదు."

ఐదొందలకు వెనకాడారా అని మీరు అడగొచ్చు. మావారు లెక్కల మనిషి. గది మూడు రోజులకు 7,950, పరుపుకి 1,800, వెరసి 9,750 అప్పటికే ఇచ్చి ఉన్నారు. ఇంక పైసా ఇవ్వనని పంతం పట్టారు. తల్లికి కోపం వచ్చిందని తెలిసి రాత్రంతా అటూ ఇటూ దొర్లారు, కానీ పంతం మాత్రం వదలలేదు.

శనివారం మధ్యాహ్నం ఈ మొత్తం యాత్రలో నాకు మిగిలిన పూట. టీటీకే రోడ్డు మీద మ్యూజిక్ అకాడమీకి వెళ్ళాం. 1928లో మొదలైన సంస్థ. లోపలికి అడుగు పెట్టేముందు అత్తయ్య చెప్పులు వదలబోయారు, నేను ఆపాను. "ఇక్కడే కదే బాలమురళి గారికి, పినాకపాణి గారికి, నేదునూరి గారికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది" అన్నారు. సంవత్సరాలు కూడా అప్పజెప్పారు: 1978, 1983, 1991. పినాకపాణి గారు వృత్తికి డాక్టరన్న సంగతి మావారికి అప్పుడే తెలిసింది, దాంతో ఆయనకు కాస్త ఆసక్తి పుట్టింది.

కొత్తగా వెళ్ళేవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసింది ఇది. సాయంత్రం పెద్ద కచేరీలకు టికెట్టు కొనాలి, ఒక్కోసారి దొరకదు కూడా. మధ్యాహ్నం పన్నెండుకీ, ఆ తర్వాతా కుర్రవాళ్ళు పాడే కచేరీలు ఉంటాయి, చాలావాటికి టికెట్టు లేదు. ఊరికే వెళ్ళి కూర్చోవచ్చు. డబ్బు తక్కువున్నవాళ్ళు సాయంత్రాలు వదిలేసి మధ్యాహ్నాలు వినండి. నన్నడిగితే డబ్బు ఎక్కువున్నవాళ్ళు కూడా. ఒక శాలువా మాత్రం పట్టుకెళ్ళండి, ఏసీలో రెండు గంటలు కదలకుండా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి.

ఆ రోజు పాడినవాడికి పాతికేళ్ళు ఉంటాయేమో. అంత పెద్ద హాల్లో వంద మందిమి ఉన్నామో లేదో. అత్తయ్య పక్క సీట్లో ఒక తమిళ మామి, ఇంచుమించు ఆవిడ ఈడే. చేతిలో గళ్ళ అట్ట ఉన్న లావుపాటి నోటు పుస్తకం. పాట మొదలవగానే ఆ పుస్తకంలో పేజీ తిప్పి చూపుడువేలు పెట్టుకుని చదువుతూ వింటోంది. వంగి చూశాను. తెలుగు సాహిత్యమే, తమిళ లిపిలో రాసుకుంది. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం కదా, అందుకని అక్షరం పక్కన చిన్న అంకె వేసుకుంది: ఒకటి అయితే క, మూడు అయితే గ. పేజీ నిండా చీమల్లా అంకెలు. తెలుగు రాని మనిషి త్యాగరాజు కోసం ఇంత కష్టపడింది. నేనేమో తెలుగు చదివి కూడా ఆ కృతి మొదటి చరణం దాటి ఎరగను.

ముఖారి రాగంలో మెయిన్ కృతి పాడి, అందులో ఒక పాదాన్ని రకరకాలుగా పాడే నెరవల్‌కు ముందు మామి అత్తయ్య మోచేయి తట్టింది. అరవం, ఇంగ్లీషు కలిపి అడిగింది, మీరు తెలుగు కదా, ముప్పై ఏళ్ళుగా ఒక సందేహం అని. త్యాగరాజు చాలా పాటల్లో 'గదా' అంటాడు, ఆంజనేయుడి గదేనా, పాటలో ఆయన ఊసే లేని చోట కూడా ఆ గద ఎందుకొస్తుంది?

అత్తయ్యకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "గద కాదు మామీ. 'కదా'. ఇల్లయా అంటారే మీరు, అది" అన్నారు. మామి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనూ నవ్వడం మొదలుపెట్టింది. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు. మామి పెన్ను తీసి మార్జిన్‌లో 'ఇల్లయా' అని రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ తర్వాత వాళ్ళిద్దరినీ విడదీయడం మా వల్ల కాలేదు. మామి సంచీలోంచి జంతికలు వచ్చాయి, ఫ్లాస్కులోంచి కాఫీ వచ్చింది.

తని ఆవర్తనానికి మావారు అలవాటుగా లేవబోయారు. మామి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, సొంత మేనల్లుణ్ణి కూర్చోబెట్టినట్టు. తొడ మీద ఆయన చేత ఆదితాళం వేయించింది: ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరం వేలు, మధ్యవేలు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఆయన రెండుసార్లు తప్పారు, మామి రెండుసార్లూ వేలు పట్టి సరిచేసింది. మృదంగం, ఘటం ఒకరినొకరు సవాలు చేసుకుంటూ చివరికి ముక్తాయింపు సరిగ్గా ఎత్తుగడ మీద వచ్చి వాలినప్పుడు మావారి చెయ్యి కూడా అక్కడే ఉంది. ఆయన ముఖం చూడాలి. బ్యాంకులో ఏడాది లెక్క టాలీ అయినప్పుడు కూడా అంత వెలుగు నేను చూడలేదు.

కాంటీన్ గురించి మావారి తీర్పు నేను మార్చకుండా రాస్తున్నాను: సంగీతం కోసం కాకపోయినా దీనికోసమైనా రావాలి. సభల కాంటీన్లకు కచేరీ వినని వాళ్ళు కూడా వస్తారు, అది తప్పుగా ఎవరూ చూడరు. అరటిపువ్వు వడ, బూడిదగుమ్మడి హల్వా, రవ్వ దోశ, కాఫీలు కలిపి ముగ్గురికీ 570 అయ్యింది. ఆదివారం అరిటాకు భోజనం మనిషికి 500, ఇది మాత్రం నాకు ఎక్కువే అనిపించింది. సాంబారులో బెల్లం లేదు, పప్పు పలచన, ఆవకాయ అడిగితే వింతగా చూశారు. హల్వా ఒక్కటీ ఏ వంకా పెట్టలేనిది.

శనివారం సాయంత్రం ఇంకో సభ, బాల్కనీ 300. బాగానే ఉంది. తొమ్మిదికి లేచాం. ఈసారి అత్తయ్య ఆటోలో మాట కూడా అనలేదు. దారిపొడుగునా చేతిసంచీ జిప్పు తీస్తూ మూస్తూ కూర్చున్నారు.

ఆదివారం పొద్దున్న కపాలీశ్వరుడి దర్శనం, మధ్యాహ్నం నిద్ర. సాయంత్రం బయలుదేరేముందు అత్తయ్య ఆ చేతిసంచీ తెరిచి మడత పెట్టిన ఐదొందల నోటు మావారి జేబులో పెట్టారు. "ఇది నా పెన్షనురా. ఆ గూడూరు వాడి ముఖాన కొట్టు. నేను ఇవాళ లేవను" అన్నారు. మావారు నోటు వెనక్కివ్వబోతే ఆవిడ అప్పటికే మెట్లు దిగుతున్నారు.

ఆ రాత్రి కచేరీ మూడింటిలోకి మామూలుది, గాయకుడికి జలుబు. టికెట్టు మాత్రం అన్నిటికంటే ఎక్కువ, 500. అయినా కూర్చున్నాం. తొమ్మిదింబావు అయింది, తొమ్మిదిన్నర దాటింది. హాల్లో ముప్పావు వంతు ఖాళీ. అప్పుడు ఆయన సౌరాష్ట్రంలో మంగళం ఎత్తుకున్నాడు. జలుబు గొంతుకి అది ఎందుకో నప్పింది. అత్తయ్య కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, పెదాలు కదుపుతూ, చివరిదాకా కూడా పాడారు. వయొలిన్ ఆగాక కూడా తంబురా కాసేపు వినిపిస్తూనే ఉంది. ఎవరో స్విచ్ నొక్కితే అదీ ఆగింది.

లాడ్జి దగ్గర ఆటో దిగేసరికి పదీ పది. మావారు జేబులో నోటు పట్టుకుని యుద్ధానికి వెళుతున్నట్టు ముందు నడిచారు. గేటు బార్లా తీసి ఉంది. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు, మమ్మల్ని చూసి కాళ్ళు ముడుచుకున్నాడు, అంతే. మేనేజరు లేడు, ఎనిమిదికే ఇంటికి వెళ్ళిపోతాడట. గేటు ఎప్పుడు వేస్తావని మావారు హిందీలో అడిగారు. పైఅంతస్తులో హోటల్ కుర్రాళ్ళు అద్దెకుంటారు, వాళ్ళు పన్నెండింటికి వచ్చాక వేస్తాను సాబ్ అన్నాడు. రోజూనా? రోజూనే.

మెట్ల మీద మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

పొద్దున్న ఖాళీ చేసేటప్పుడు మేనేజరు డిపాజిట్ రెండు వేలకు పదిహేను వందలు చేతిలో పెట్టాడు. టవలు మీద పసుపు మరక అయ్యిందట, ఐదొందలు పట్టుకున్నాడు. బిల్లు అడిగితే నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద 'పెయిడ్' అని రాసిచ్చాడు. మావారు గేటు సంగతి ఎత్తారు. "అది సెక్యూరిటీ కోసం చెప్తామండీ, మీరు మరీ సీరియస్‌గా తీసుకున్నారు" అన్నాడు, నవ్వుతూ.

తిరుగు ప్రయాణం కూడా పినాకినిలోనే. గూడూరు స్టేషన్లో బండి ఆగినప్పుడు మావారు కిటికీలోంచి బోర్డు చూస్తూ, "అమ్మా, దిగి వాళ్ళింటికెళ్ళి మన ఐదొందలు అడిగి వద్దామా?" అన్నారు.

"నువ్వెళ్ళిరా. ఐదొందలు పోయినా మంగళం విన్నాను గదా" అన్నారు అత్తయ్య. ఆ 'గదా' దగ్గర ఇద్దరం ఒకేసారి ఆవిడ వైపు తిరిగాం.