మాల్దీవులా, లక్షద్వీప్‌లోని బంగారం దీవా, అండమానా? బరంపురం జంటలకి ఏది మేలు

బరంపురంలో ఉన్నవాళ్లకి సముద్రం కొత్త కాదు. బండి తీస్తే అరగంటలో గోపాల్‌పూర్. కానీ అక్కడ మోకాళ్లు దాటి దిగాలంటే భయం, అల వెనక్కి వెళ్తూ కాళ్ల కింద ఇసుకని లాగేస్తుంది. అందుకే పెళ్లయిన కొత్తలోనో, పాతికేళ్ల పెళ్లిరోజుకో దీవికి వెళ్దామనుకునేవాళ్లకి నేనొకటే చెబుతాను. గది సంగతి తర్వాత, ముందు గది ఎదురుగా ఉన్న నీళ్లు చూడండి. చుట్టూ పగడపు దిబ్బ ఉంటే అలలు బయటే విరిగిపోతాయి, లోపల నడుం లోతు నీళ్లు చెరువులా కదలకుండా ఉంటాయి. ఈత రానివాళ్లు కూడా భయం లేకుండా దిగొచ్చు. మన తీరంలో దొరకనిది అదే.

ఈ లెక్కన మాల్దీవులదే పైచేయి. అక్కడ సుమారు 1,190 పగడపు దీవులున్నాయి. 1972లో కురుంబా అనే మొదటి రిసార్టు తెరిచారు. తర్వాత ఒక దీవికి ఒకటే రిసార్టు అన్నది అక్కడ పద్ధతిగా స్థిరపడింది. ఊరుండదు, బజారుండదు, పక్క హోటల్ మైకు మోత ఉండదు. ఏకాంతం నిజంగానే దొరుకుతుంది. అయితే బిస్కెట్ ప్యాకెట్ కావాలన్నా వాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిన ధరకే కొనాలి. కాబట్టి గది అద్దెలు పోల్చి లాభం లేదు, మొత్తం బిల్లులు పోల్చాలి.

రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్నులింకా కలపలేదని అర్థం. 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద 17 శాతం పర్యాటక పన్ను, ఇవి కాక మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్. 400 డాలర్లని రాసిన గది ఇద్దరికి దాదాపు 539 డాలర్లవుతుంది. ఇక భోజనం. హాఫ్ బోర్డ్ అంటే పొద్దున టిఫిను, రాత్రి భోజనం మాత్రమే, మధ్యాహ్నం తిన్నది విడిగా బిల్లులోకి వస్తుంది. నన్నడిగితే మూడు పూటలా భోజనం కలిసే ఫుల్ బోర్డ్ తీసుకోవడమే నయం. శాకాహారులైతే, ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టనివాళ్లైతే, బుక్ చేసిన రోజే మెయిల్‌లో రాసి, జవాబు తెప్పించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం రాజధాని మాలే నుంచి దీవికి ఎలా చేరతారన్నది. నీళ్ల మీద వాలే చిన్న విమానాలు, సీప్లేన్లు, పగటి వెలుగులోనే ఎగురుతాయి. మనమేమో రైల్లో భువనేశ్వరో విశాఖో చేరి, అక్కణ్ణుంచి బెంగళూరు లాంటి చోట విమానం మారి వెళ్లాలి. మాలేలో దిగేసరికి చీకటి పడితే ఆ రాత్రి అక్కడే వేరే హోటల్లో ఉండాలి, రిసార్టుకి కట్టిన రాత్రి పోయినట్టే. పైగా సీప్లేన్‌కి రానూ పోనూ ఒక్కొక్కరికి కొన్ని వందల డాలర్లు, చెక్-ఇన్ సామాను మామూలుగా 20 కిలోలే. పైనుంచి ఆ దీవుల వలయాలు చూడటం గొప్ప అనుభవమే, కాదనను. కానీ మూడు నాలుగు రాత్రుల కోసం వెళ్లే మనలాంటివాళ్లు మాలేకి దగ్గర్లో స్పీడ్‌బోట్‌తో చేరే దీవినే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. లేదంటే ముందురోజు రాత్రే బెంగళూరు చేరి, పొద్దున విమానం పట్టుకోండి.

నీళ్ల మీద కట్టిన విల్లా ఫొటోలో ఎంతో బాగుంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. నా ఓటు మాత్రం ఒడ్డునున్న బీచ్ విల్లాకే. తలుపు తీస్తే ఇసుక, పక్కనే చెట్టు నీడ, నాలుగడుగులేస్తే నీళ్లు. మిగిలిన డబ్బుతో ఇంకో రాత్రి ఉండొచ్చు. దిబ్బ పరిస్థితి కూడా అడగండి. 1998లో, 2016లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలా తెల్లబారి చచ్చిపోయాయి, అన్ని దీవుల దగ్గరా ఒకేలా కోలుకోలేదు. ఇంకో మాట, మద్యం, పంది మాంసంతో పాటు పూజకు పెట్టుకునే విగ్రహాలు కూడా ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు. పెళ్లి తర్వాత పెద్దవాళ్లు పెట్టెలో పెట్టిన చిన్న విగ్రహముంటే ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

మన పెళ్లిళ్లు ముహూర్తాల్ని బట్టే కాబట్టి వాతావరణాన్నీ అలాగే చూద్దాం. మాఘ, ఫాల్గుణాల్లో మాల్దీవుల్లో ఆకాశం, నీళ్లు రెండూ తేటగా ఉంటాయి, రేట్లు మాత్రం ఎక్కువ. వైశాఖ, జ్యేష్ఠాల్లో నైరుతి వానలు మొదలై రేట్లు దిగుతాయి. రోజంతా పట్టకుండా విడతలు విడతలుగా కురిసినా పరవాలేదనుకుంటే అప్పుడు వెళ్లొచ్చు. కార్తీక, మార్గశిరాలు మాత్రం బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ అండమాన్ దీవుల మీదుగానే వచ్చింది. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న మాల్దీవులకి ఆ బెడద చాలా తక్కువ. ఆ నెలల్లో పెళ్లయితే అండమాన్‌ని వాయిదా వేయండి.

బంగారం గురించి రెండు మాటలు చాలు. లక్షద్వీప్‌లో జనావాసం లేని దీవి అది. లోపలి నీళ్లు మాల్దీవులకి ఏ మాత్రం తీసిపోవు, పాస్‌పోర్ట్ అక్కర్లేదు. కానీ పర్మిట్ కావాలి, కొచ్చి నుంచి అగత్తి అనే దీవికి విమానం, అక్కణ్ణుంచి పడవ. గదులు తక్కువ, సౌకర్యాలు సాదాసీదా. విలాసం కోరుకునేవాళ్లకి నచ్చదు. నీళ్ల కోసమే వెళ్లేవాళ్లకి మాత్రం ఇంతకన్నా మంచి చోటు మన దేశంలో ఉందనుకోను.

అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్, అంటే హావ్‌లాక్‌లో, మంచి రిసార్టులున్నాయి కానీ దీవంతా మీదే అన్న భావన రాదు. బీచ్ అందరిదీ. 2010లో అక్కడ రాధానగర్ దగ్గర ఉప్పునీటి మొసలి దాడిలో ఒక పర్యాటకురాలు చనిపోయింది, హెచ్చరిక బోర్డులున్న చోట నీళ్లలోకి దిగొద్దు. అయినా అమ్మానాన్నల్నీ అత్తమామల్నీ వెంట తీసుకెళ్లాలంటే నేను అండమాన్‌కే ఓటేస్తాను. చూడ్డానికి సెల్యులార్ జైలుంది, బయట మామూలు ధరకి భోజనం దొరుకుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పటి పేరు శ్రీ విజయపురంలో, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, బజార్లో తెలుగు వినబడగానే పెద్దవాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: గాలి ఎక్కువైతే దీవుల మధ్య పడవలు ఆపేస్తారు. తిరుగు విమానానికి ముందు రాత్రి హావ్‌లాక్‌లో కాకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే గది తీసుకోండి.