కొండదారి దిగే సైకిలుకు డిజిటల్ గాలి గేజీ: ఆరు నెలల వాడకం తరువాత

రిమ్మును పట్టే బ్రేకులున్న సైకిలుపై కొండదారులు దిగే నాకు టైరులో గాలి ఎంత ఉందో కచ్చితంగా తెలియాలనిపించి, అరచేతిలో ఇమిడే ఈ డిజిటల్ గేజీని కొన్నాను. అంతకు ముందు పంపుకు ఉన్న గేజీనే నమ్మేవాడిని. 160 పీఎస్‌ఐ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) వరకు గుర్తులున్న ఆ చిన్న వృత్తంలో ముల్లు 80 మీద ఉందో 85 మీద ఉందో కంటికి ఆనేది కాదు. ఇది అర పీఎస్‌ఐ తేడాను కూడా అంకెల్లో చూపుతుంది.

బ్రేకు పట్టినప్పుడు అది ఆపిన శక్తి దాదాపు అంతా వేడిగా మారుతుంది. మనిషి, సైకిలు కలిసి 90 కిలోలుంటే, 100 మీటర్ల ఎత్తు దిగేసరికి దాదాపు 88 కిలోజౌళ్ల శక్తి ఖర్చు కావాలి. వేగంగా దిగితే అందులో చాలా భాగాన్ని ఎదురుగాలి తీసుకుంటుంది. భయంతో బ్రేకు వదలకుండా మెల్లగా దిగితే మాత్రం ఎక్కువ భాగం రెండు రిమ్ములకే చేరుతుంది. ఒకసారి అలా దిగి, ఆగి, రిమ్ము మీద వేలు పెట్టగానే చురుక్కుమంది. బ్రేకు రబ్బర్ల నుంచి మాడు వాసన వస్తోంది. బయలుదేరేటప్పుడు 80 ఉన్న ముందు టైరు ఈ గేజీలో 91 చూపింది. లెక్క ప్రకారం కూడా, లోపలి గాలి 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే 80 పీఎస్‌ఐ సుమారు 93 అవుతుంది. టైరు మీద రాసి ఉన్న గరిష్ఠ పీడనం వరకు ముందే గాలి కొట్టినవారికి ఈ పెరుగుదలకు చోటు మిగలదు. అందుకే నేను దిగుడు ఉన్న రోజున ఆ గరిష్ఠానికి బాగా తక్కువలో ఆపుతున్నాను. అయితే కింద ఆగినప్పుడు అంకె ఎక్కువగా కనిపించిందని అక్కడే గాలి తీసేయకూడదు. చల్లారాక టైరు మెత్తబడి, గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పంక్చరవుతుంది.

గేజీ చెప్పలేనివీ ఉన్నాయి. రిమ్ము లోపలి ప్లాస్టిక్ పట్టీ వేడికి మెత్తబడి పక్కకు జరిగితే, ట్యూబు చువ్వల రంధ్రాల్లోకి ఉబ్బి, పీడనం సరిగా ఉన్నా పేలవచ్చు. నేను గుడ్డ పట్టీకి మారాను. డిస్క్ బ్రేకుల్లో వేడి డిస్కుకే పోతుంది కాబట్టి, ఆ సైకిళ్లవారికి ఈ బెంగ చాలా వరకు ఉండదు.

లోపాల విషయానికి వస్తే, ప్రెస్టా వాల్వుకు (ట్యూబులో గాలి కొట్టే సన్నని రకం మూతికి) తగిలించి తీసిన ప్రతిసారీ కొంత గాలి పోతుంది. సన్నని టైరులో అది ఒకటి రెండు పీఎస్‌ఐ వరకు ఉంటోంది. పట్టు తిన్నగా లేకపోతే వాల్వు సన్నని పుల్ల వంగే ప్రమాదమూ ఉంది. ఎండలో అంకెలు మసకగా కనిపిస్తాయి. ఇన్ని చెప్పినా, కొండ ఎక్కే ముందు ఇంటి దగ్గర, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవడానికి దీన్నే వాడుతున్నాను. పంపు ముల్లును చూడటం మానేశాను.